భుజం వెనక కెమెరా

ఆయన పోయిన సంగతి నాకు ఒక ఫ్లెక్సీ వల్ల తెలిసింది.

మొన్న బడి నుంచి వస్తుంటే కాజీపేట చౌరస్తాలో బస్సు ఆగింది. కిటికీకి ఎదురుగా కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ ఉంది. పైన 'కన్నీటి నివాళి' అని పెద్ద అక్షరాలు. కింద చేతులు జోడించి నవ్వుతున్న ఒక నాయకుడు, నిలువెత్తున. ముందు ఆయనే పోయాడనుకున్నాను. నిజం చెప్పాలంటే పెద్దగా బాధ కూడా కలగలేదు. బస్సు కదలబోతుండగా ఎడమ మూలన ఇంకో ముఖం కనిపించింది. అరచేతిలో పట్టేంత ఉంది. ఏ పెళ్లి గుంపులోంచో కత్తిరించి పెట్టినట్టు, భుజం మీద ఇంకెవరిదో చెయ్యి సగం మిగిలిపోయింది. పోయింది ఈయన. నివాళి ఆ పెద్ద ఫొటో ఆయనది.

వెనక్కి తిరిగి చూసేసరికి బస్సు బ్రిడ్జి ఎక్కేసింది.

ఆయనే నా పక్క సీట్లో ఉండి ఉంటే ముందు కళ్లతో కొలిచేవాడు. "పన్నెండు బై ఎనిమిది ఉంటది మేడం. మన రేటు లిస్టుల ఎంతున్నది?" అనేవాడు. చచ్చిపోయింది తానే అయినా అడిగేవాడని నా నమ్మకం.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఇంట్లోవాళ్లు ఇంకా ఆ వీధిలోనే, ఆ ఫ్లెక్సీ కట్టినవాళ్ల మధ్యే బతకాలి. కాజీపేటలో ఒక చిన్న స్టూడియో ఉండేదని, రైల్వే క్వార్టర్స్‌లో సగం పెళ్లిళ్లకు వీడియో తీసింది ఆయనేనని చెబితే చాలు. అందరూ వీడియో అన్న అనేవాళ్లు. నేనూ అన్నా అనే పిలిచాను.

మా పరిచయం ఎన్నికల డ్యూటీలో. నేను ధర్మసాగర్ దగ్గర హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఆ ఏడాది అసెంబ్లీ ఎన్నికలొస్తే, మోకాళ్ల నొప్పులు, కూర్చుని చేసే పని ఏదైనా ఇప్పించండని దరఖాస్తు పెట్టుకున్నాను. ఇచ్చారు. అభ్యర్థి ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని చట్టంలో ఒక హద్దు ఉంది కదా, అది దాటుతున్నాడో లేదో చూడటానికి మీటింగులన్నీ వీడియో తీయిస్తారు. ఆ వీడియోలు చూసి, కుర్చీలెన్ని, టెంట్లెన్ని, బండ్లెన్ని, భోజనం ప్లేట్లెన్ని అని లెక్కపెట్టి, ప్రభుత్వం ఇచ్చిన రేటు పట్టికతో గుణించి కాగితం మీద పెట్టడం మా గది పని. తీసేవాళ్లు చాలక పెళ్లి వీడియోల వాళ్లను రోజు కూలి మీద పెట్టుకున్నారు. అలా వచ్చాడాయన.

మొదటి రోజు ఆయన తెచ్చిన వీడియో పెట్టగానే నాకు చిర్రెత్తుకొచ్చింది. పావుగంటసేపు ఉల్లిగడ్డలు కోస్తూనే ఉన్నారు. తర్వాత మాంసం. తర్వాత పొయ్యి మీద గంజులు, పెళ్లి వంటల పెద్ద గిన్నెలు.

"అన్నా, మీటింగేదీ?" అన్నాను.

"గిదే మేడం మీటింగు. పెండ్లి ఎంత పెద్దగ జేసిన్రో మండపం కాడ తెల్వది. వంటల కాడికి పోయి చూడాలె. ఇగో, ఈ గంజుల రెండు మ్యాకలు పడ్తయ్. అసొంటియి ఆరున్నయ్. ఇప్పుడు జెప్పుండ్రి, ఎంతమంది తిన్నరు?"

నేను ఇరవయ్యేళ్లుగా పిల్లలకు చెప్పే లెక్కలో ఎప్పుడూ మేకలు లేవు. కుర్చీలు లెక్కపెడితే వచ్చిన సంఖ్యకు ఆయన గంజుల లెక్క మూడింతలు వచ్చింది. మిగతావాళ్లంతా నిలబడే తిని పోయారట. ఆ రోజు నుంచి నేను నోరు మూసుకుని ఆయన చూపించింది చూశాను.

మీటింగుల్లో ఆయన కూర్చునేవాడు కాదు. "నేను కూసుంటే ఒక కుర్చీ ఎక్కువ లెక్కల వడ్తది" అనేవాడు. అక్కడి అన్నం ముట్టేవాడు కాదు, అదే కారణం. ఇంటి నుంచి రొట్టె, టమాట తొక్కు తెచ్చుకుని ఏ గోడ పక్కనో నిలబడే తినేవాడు. పెళ్లాం పాత చీర ముక్క ఒకటి జేబులో ఉండేది. దాంతో తప్ప లెన్సు తుడిచేవాడు కాదు. వెనక్కి నడవడంలో ఆయన్ని మించినవాడు లేడు. పెళ్లికూతురికి ఎదురుగా వెనక్కి నడిచీ నడిచీ, మామూలుగా మాట్లాడుతున్నప్పుడు కూడా మనకు ఎదురుగా ఉండి రెండడుగులు వెనక్కి వేసేవాడు. మనిషి మొత్తం కనిపిస్తే గాని మాట తోచేది కాదనుకుంటాను.

ఇంకో అలవాటు ఉంది. స్టేజి మీదివాళ్లను ఎప్పుడూ పిలిచేవాడు కాదు. కింద ఎండలో కూర్చున్నవాళ్లను మాత్రం మెల్లగా పిలిచేవాడు. "అక్కా, జర ఇటు చూడుండ్రి." ప్రతి వీడియోలో ఈ మాట వినిపిస్తుంది. వెంటనే ఒక ముఖం ఇటు తిరిగి, కొంగు సర్దుకుని, నవ్వుతుంది. మనకు కావలసింది కుర్చీలు కదా, ముఖాలెందుకన్నా అని ఒకసారి అడిగాను.

"స్టేజి మీదోళ్లు ఎట్లన్న కెమెరా దిక్కే చూస్తరు. ఈళ్లను ఎవ్వలూ అడుగరు మేడం. మనమన్న అడుగకుంటే ఈళ్ల మొకాలు ఎన్నడు పడాలె?"

ఒకరోజు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నాకు పని నేర్పించాడు కూడా. మా దిక్కు పెళ్లిలో పుట్టింటివాళ్లు ఆడబిడ్డ కొంగులో ఒడిబియ్యం పోస్తారు. వీడియోలో అన్నిటికంటే కష్టమైంది అదేనట. నా చేతికి ఒక ఫైలు ఇచ్చి, అదే బియ్యం అనుకుని ఎదుటి కుర్చీలో పొయ్యమన్నాడు. తాను నా భుజం వెనక నిలబడ్డాడు. "పోసేటోళ్ల ఎనుక ఉండాలె. పోసే చెయ్యి కనవడితే సాలు, ఆళ్ల మొకంతోని పనిలేదు. తీసుకునే బిడ్డ మొకం పడాలె. ఏడుస్తదో నవ్వుతదో, ఆ ఒక్క మొకం కోసమే ఇంట్ల ఆ వీడియో మల్ల మల్ల ఏసుకుంటరు." అలా ఎన్ని వందల మంది ఆడపిల్లల ముఖాలు తీశాడో.

మా లెక్క హద్దు దాటింది. నేను సంబరపడ్డాను. నోటీసు వెళ్లింది. పార్టీవాళ్ల నుంచి జవాబు రెండో రోజే వచ్చింది. ఆ ఆరు గంజుల భోజనం మీటింగుది కాదట. ఎవరో అభిమాని తన మనవడికి పుట్టువెంట్రుకలు తీయించి ఊరందరికీ పెట్టుకున్న విందట. అభ్యర్థి అటుగా వెళ్తూ ఆశీర్వదించడానికి దిగాడట. పిల్లవాడి గుండు ఫొటో కూడా జత చేశారు. జవాబు సంతృప్తికరంగా ఉంది అని రాసి ఉన్న కాగితం మా గదికి తిరిగొచ్చింది.

ఆయన ఆ గుండు ఫొటోను చాలాసేపు చూశాడు. "ఫొటో మంచిగ తీసిండు" అన్నాడు. దాన్ని పక్కన పెట్టి, "కుర్చీలతోని కాదు మేడం. పైసలు చేతుల వెట్టేటప్పుడు పట్టాలె" అన్నాడు.

పోలింగుకు నాలుగు రోజుల ముందు హసన్‌పర్తి రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్లో ఆడవాళ్ల సమ్మేళనం పెట్టారు. అదే అభ్యర్థి బామ్మర్ది దగ్గరుండి జరిపించాడు. ఊళ్లో ఆయన్ని అందరూ బామ్మర్ది అనే అంటారు, ఎవరికి బామ్మర్దో చెప్పక్కరలేదు. వరసగా ఆడవాళ్లు రావడం, బొట్టు పెట్టించుకోవడం, కొంగు పట్టడం, అందులో రవిక ముక్క పడటం. రవిక ముక్క మడతలో కవరు. వాళ్ల సొంత ఫొటోగ్రాఫర్లే ఇద్దరు తిరుగుతుండటంతో మూడో కెమెరాను ఎవరూ పట్టించుకోలేదు. మెడలో వేసుకోవాల్సిన గుర్తింపు కార్డు ఆయన ఆ రోజు చొక్కా లోపలికి వేసుకున్నాడు.

సాయంత్రం పరుగున వచ్చి వీడియో పెట్టాడు. నా జన్మలో అంత స్పష్టమైన వీడియో చూడలేదు. ముగ్గురు ఆడవాళ్లు, పక్కపక్కనే. కొంగులో రవిక ముక్క పడింది. మడత విప్పారు. నోట్లు బయటికి తీశారు. "అక్కా, జర ఇటు చూడుండ్రి" అని ఆయన గొంతు. ముగ్గురూ తల ఎత్తి, నోట్లు పట్టుకుని, నవ్వారు.

పెట్టే మనిషి వీపు కనిపించింది. తెల్ల చొక్కా, చేతికి బంగారు బ్రాస్‌లెట్. అంతే.

ఆ పొరపాటు అప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు. ఇది నేను ఒప్పుకోవాలి. ఆయన పొంగిపోతున్నాడు, నేను పొంగిపోతున్నాను. పైకి పంపే కాగితం మీద నా చేత్తో నేనే రాశాను: 'ముఖాలు స్పష్టంగా ఉన్నాయి.' కింద సంతకం పెట్టాను.

వారం తర్వాత కేసు పెట్టారు, ఆ ముగ్గురి మీద. ఓటుకు డబ్బు ఇవ్వడం ఎంత నేరమో తీసుకోవడం అంతే నేరమట. ముఖాలు చూసి ఊళ్లో ఎవరో పేర్లు చెప్పారు. ఇచ్చినవాడి దగ్గర మాత్రం 'గుర్తు తెలియని వ్యక్తి' అని రాశారు. అప్పటికి ఓట్ల లెక్కింపు అయిపోయింది. బావ గెలిచాడు, బామ్మర్ది ఊరేగింపులో డాన్సు చేశాడు.

ఆయన మా బడికి వచ్చాడు. తరగతిలో పిల్లలుండగానే గుమ్మంలో నిలబడ్డాడు. బయటికి వచ్చి ఏమైందన్నా అంటే, మొదటిసారి వెనక్కి అడుగు వేయకుండా మాట్లాడాడు.

"నేను ఒడిబియ్యం తీసినట్టు తీసిన మేడం. పోసేటోని ఎనుక నిలవడ్డ. చెయ్యి దానంతల అదే గట్ల వోయింది. నేనే ఇటు చూడుమన్న. ఆళ్లు నన్ను చూసి నవ్విన్రు."

ఇద్దరం కలిసి పైఅధికారి దగ్గరికి వెళ్లాం. పాపం, మర్యాదగానే మాట్లాడాడు. ఫైలు తన చేతుల్లో లేదన్నాడు. ఇచ్చింది ఫలానా ఆయన, నా కండ్లతోని చూసిన, రాసిస్త అన్నాడు వీడియో అన్న. వీడియోలో ముఖం లేదు కదా అన్నాడు అధికారి. నేను గోడ మీది గడియారం చూస్తూ కూర్చున్నాను. ఆ 'ముఖాలు స్పష్టంగా ఉన్నాయి' అన్న కాగితం ఆ టేబుల్ మీదే ఉంది.

బయటికొచ్చాక ఆయనే నాకు ధైర్యం చెప్పాడు. "ఫికర్ జేయకుండ్రి మేడం. నేను సాక్షిని గద. కోర్టుల బోను ఎక్కిచ్చి అడుగుతరు. అప్పుడు పేరు జెప్త. జడ్జి ముందట జెప్పినంక రాసుకోక ఏం జేస్తరు?"

ఆ ఒక్క మాట పట్టుకుని దాదాపు రెండేళ్లు బతికాడు. కోర్టు పేషీ ఉన్న ప్రతిసారీ హసన్‌పర్తి వెళ్లి ఆ ముగ్గురినీ ఆటోలో ఎక్కించుకుని హన్మకొండ తీసుకొచ్చేవాడు. నేరం రుజువు చేయాల్సిన సాక్షీ, నేరం మోపబడ్డ ముగ్గురూ ఒకే ఆటోలో రావడం చూసి కోర్టు బంట్రోతు నవ్వేవాడు. ప్రతి పేషీకి ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. ప్రతిసారీ వాయిదా పడేది. చొక్కా నలగకుండానే ఇంటికి వెళ్లేవాడు.

ఆ ముగ్గురిలో పెద్దది కొమురమ్మ. నాట్లకు, కలుపుకు పోయే మనిషి. పేషీ ఉన్న రోజు కూలి పోయేది. ఊళ్లో 'కేసు కొమురమ్మ' అని పేరు పడిందట, ఆ పేరు తానే నవ్వుతూ చెప్పింది. సెలవు రోజొకటి చూసుకుని నేనూ ఒక పేషీకి వెళ్లాను. చెట్టు కింద కూర్చుని ఆయన తెచ్చిన రొట్టెలు తింటున్నారు. నా మీద కోపం ఉంటుందేమో, నాలుగు మాటలు అంటే పడదామనుకున్నాను. ఆమె జరిగి చోటిచ్చింది.

"అన్న తప్పేమున్నది మేడం. ఇటు సూడుమన్నడు, సూసినం. మా చిన్నదాని పెండ్లికి గూడ గిట్లనే అన్నడు. కెమెరా వట్టినోడు సూడుమంటే సూడమా?"

"ఓటు మాత్రం వాళ్లకు వేయలేదు కదా?" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నాకు ఏదో ఒక ఓదార్పు కావాల్సి వచ్చింది.

ఆమె నా వైపు వింతగా చూసింది. "అదేంది మేడం. ఒడిల వెట్టించుకున్నంక ఎయ్యకుంటె ఎట్ల? గంత నీతి తప్పుతమా?"

ఆయన తుంచిన రొట్టె ముక్కను మళ్లీ మూటలో పెట్టేశాడు. హద్దు గురించి, రేటు పట్టిక గురించి, గంజుల గురించి అన్నీ తెలిసిన మనిషి.

చివరి పేషీకి నన్ను ప్రత్యేకంగా రమ్మన్నాడు. ఆ రోజు సాక్షిని పిలుస్తారని తెలిసింది. ముందు రోజు స్టూడియోలో అద్దం ముందు నిలబడి చెప్పుకున్నాడట, ఎక్కడా తడబడకుండా. మేం వెళ్లేసరికి కోర్టు మెట్ల దగ్గర తెల్ల కారు ఆగి ఉంది. బామ్మర్ది ఒక వకీలును వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఏందక్కా, ఇన్ని దినాల సంది తిరుగుతాన్రట, నాకెవ్వలన్న జెప్పిన్రా?" అన్నాడు కొమురమ్మతో. గొంతులో నిజంగానే నొచ్చుకున్న మనిషి ఉన్నాడు, అదీ నాకు మండింది. "తప్పయిందని ఒప్పుకోండ్రి. జుర్మానాతోని పోతది. కట్టుడు నా జిమ్మా. ఇగ మీరు తిరుగుడు బందు."

ఆయన కొమురమ్మను పక్కకు పిలిచాడు. "అక్కా, ఒప్పుకుంటే ఇగ నన్ను బోను ఎక్కియ్యరు. ఇయ్యాల నేను పేరు జెప్పేది ఉన్నది. జర ఆగుండ్రి."

"ఇంకెన్ని దినాలన్నా?" అంది కొమురమ్మ. గొంతు పెంచలేదు. "నువ్వు పేరు జెప్తే మల్ల పేషీలుంటయి. మల్ల ఆళ్లు మా మీదికి అస్తరు. నాకు నాట్లున్నయి అన్నా."

ఒప్పుకున్నారు. పది నిమిషాలు పట్టలేదు. జుర్మానా ఆ బ్రాస్‌లెట్ చెయ్యే కట్టింది. వరండాలో నిలబడ్డ సాక్షిని ఎవరూ పిలవలేదు.

బయటికొచ్చాక ముగ్గురి ముఖాలూ తేటపడ్డాయి, చెప్పొద్దూ, నాకూ హాయిగానే అనిపించింది. బామ్మర్ది మెట్ల మీద ముగ్గురి మధ్య నిలబడ్డాడు. చుట్టూ చూసి, "అన్నా, నువ్వు ఫొటోలు తీసేటోనివే గద, ఒకటి తియ్యరాదు" అన్నాడు. ఆయన ఎవరో ఆ మనిషికి తెలుసో తెలియదో నేను ఈరోజు వరకు తేల్చుకోలేకపోయాను.

ఆయన కదల్లేదు. "తియ్యన్నా. పాపం, మనకోసం అచ్చిండు" అంది కొమురమ్మ.

సంచిలోంచి కెమెరా తీశాడు. చీర ముక్కతో లెన్సు తుడిచాడు. ఎలాగో ఒకలా నొక్కేసి పోవచ్చు, వణికిందనో వెలుతురు లేదనో చెప్పొచ్చు. చెడ్డ ఫొటో తీయడం ఆయనకు చేతకాలేదు. రెండడుగులు వెనక్కి వేశాడు. "సార్, జర ఇటు జరుగుండ్రి, మొకం మీద నీడ వడ్తాంది" అన్నాడు. బామ్మర్ది వెలుగులోకి జరిగి అలవాటుగా చేతులు జోడించాడు.

ఆటో ఎక్కేముందు నా దగ్గరికి వచ్చాడు. "ఈసారి మొకం వడ్డది మేడం" అన్నాడు. నవ్వాడో ఏమో, నేను తలెత్తి చూడలేదు.

తర్వాతి ఎన్నికలకు మళ్లీ పిలిచారు. కళ్లు సరిగా కనిపించడం లేదని చెప్పాడట. అది అబద్ధం. ఆ నెలలోనే మా స్కూల్లో తోటి టీచర్ కూతురి పెళ్లికి వీడియో తీశాడు. ఒడిబియ్యం పోసేటప్పుడు భుజం వెనకే నిలబడ్డాడు, ఆడబిడ్డ ముఖం చక్కగా పడింది. ఇటు చూడుండ్రి అన్న మాట మాత్రం ఆ వీడియోలో ఎక్కడా లేదు. నన్ను చూసి తలూపాడు, దగ్గరికి రాలేదు. అదే ఆఖరు.

ఆదివారం వాళ్లింటికి బయల్దేరాను. చౌరస్తాలో దిగి నడుస్తుంటే ఆ ఫ్లెక్సీ కింద కొమురమ్మ నిలబడి ఉంది, చేతిలో అరటిపళ్ల సంచి. ఆమె కూడా ఆయన ఇంటికే వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది.

"గుండె ఆగిందట మేడం. పెండ్లి నుంచి అచ్చి పండుకున్నడట" అంది. కళ్లు తుడుచుకుని ఆమె ఫ్లెక్సీ వైపు చూసింది, మూలనున్న చిన్న ముఖం వైపు కాదు, నిలువెత్తున నవ్వుతున్న బామ్మర్ది వైపు. ఈసారి కార్పొరేషన్ ఎన్నికల్లో తానే నిలబడతాడట. అందుకే ఊరంతా అదే ఫొటో వేయించాడట.

"ఎంత మంచిగ వడ్డదో సూడుండ్రి" అంది. "అన్న తీసిందే గద."

అప్పుడు చూశాను. కోర్టు మెట్ల మీది వెలుతురు. జోడించిన చేతికి బ్రాస్‌లెట్. ఎక్కడా నీడ లేని ముఖం. పక్కనున్నవాళ్లను కత్తిరించేశారు గాని సరిగ్గా కత్తిరించలేదు.

కొమురమ్మ మునివేళ్ల మీద నిలబడి, బామ్మర్ది మోచేతి పక్కన ఫ్లెక్సీ చివర్న ఉన్న ఒక పచ్చటి పేలికను వేలితో తాకింది.

"గిది నా చీరెనే మేడం" అంది.